అంకెల వెనుక అంగడి

పాఠ్యభాగ ఉద్దేశం

ప్రతినెలా మొదటి రోజులలో వార్తాపత్రికల వాణిజ్యపుటలో ఒక వార్త కనిపిస్తుంది. గడచిన నెలలో దేశం మొత్తం మీద ఇన్ని లక్షల కార్లు అమ్ముడుపోయాయి, నిరుటితో పోలిస్తే ఇంత శాతం పెరిగాయి లేదా తగ్గాయి అన్నది దాని సారాంశం. ఇటువంటి వార్తను చదివి, అంకె చెప్పే విషయమేదో, చెప్పని విషయమేదో వేరుచేసి గ్రహించే అలవాటును విద్యార్థులలో కలిగించటం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మక్తల్‌లోని పడమటి ఆంజనేయస్వామి దేవాలయం మన ప్రాంతంలో ప్రసిద్ధమైనది. కొత్తగా వాహనం కొన్నవారు దానిని ముందుగా దేవుని ముంగిటికి తీసుకొని రావటం ఇక్కడివారి ఆచారం. బండికి పసుపుకుంకుమలు పెట్టి, పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, వాటిని తొక్కిస్తూ ముందుకు నడుపుతారు. ఒకప్పుడు ఈ గౌరవం ఎడ్లబండికి దక్కింది. తరువాత సైకిలుకు, మోటారు సైకిలుకు, ట్రాక్టరుకు దక్కింది. ఇప్పుడు కారుకూ దక్కుతున్నది. ప్రాచీన కవులు రథమన్నారు, స్యందనమన్నారు, శకటమన్నారు. జనం బండి అన్నారు, తేరు అన్నారు. పేరు ఏదైనా చక్రం మీద మనిషికి గల మక్కువ ఒక్కటే.

అయితే గుడి ముందు నిలిచిన ఆ కొత్త కారు యజమానికి సంతోషం. వార్తాపత్రికకు ఒక అంకె. ఆ ఒక్కటి మరికొన్ని లక్షలతో కలిసి దేశప్రగతికి గుర్తుగా అచ్చవుతుంది. కారు తయారు కావాలంటే ఉక్కు, రబ్బరు, గాజు, రంగు, విద్యుత్తు అన్నీ కావాలి. అమ్ముడుపోవాలంటే జనం చేతిలో డబ్బుండాలి, అప్పిచ్చేవారు ఉండాలి, రేపటి మీద నమ్మకముండాలి. అందుకే కార్ల అమ్మకాలను ఆర్థికవేత్తలు దేశపు నాడిగా భావిస్తారు. నాడిని పట్టి చూడటం వైద్యుని విద్య అయినట్లే అంకెను చదవటం కూడా ఒక విద్య. ఆ విద్యకు ముందు కొంత చరిత్ర తెలియాలి.

మన జిల్లాకు 1890లో మహబూబ్‌నగర్ అనే పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీదుగా వచ్చింది. ఆ నిజాము ఇంగ్లండులోని రోల్స్ రాయిస్ సంస్థకు సింహాసనం వంటి ఆసనం గల ఒక కారును తయారు చేయవలసిందిగా ఆజ్ఞాపించాడు. 1911లో ఆయన మరణించాడు. మరణానంతరం హైదరాబాదు చేరిన ఆ పసుపుపచ్చని కారు నేడు చౌమహల్లా ప్రాసాదంలో ప్రదర్శనలో ఉన్నది. ఆనాడు కారు రాజవైభవానికి చిహ్నం. దానికి విపణి లేదు, రాజాజ్ఞ ఉన్నది.

స్వాతంత్ర్యానంతరం కారు రాజుల కోటల నుండి ప్రభుత్వ కార్యాలయాల వాకిళ్లకు వచ్చింది. 1957లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్స్ సంస్థ అంబాసిడర్ కారు తయారీని ప్రారంభించింది. బొంబాయిలో ప్రీమియర్ సంస్థ ఇటలీ దేశపు ఫియట్ కారును తయారుచేసేది. అదే తరువాత రాజపుత్ర రాణి పేరుతో ‘పద్మిని’ అయింది. అవి అనుమతుల కాలం. ఏ కర్మాగారం ఎన్ని కార్లు చేయాలో ప్రభుత్వమే నిర్ణయించేది. దేశం మొత్తం మీద ఏడాదికి తయారయ్యేవి కొన్ని పదుల వేలు మాత్రమే. సొమ్ము చేతబట్టుకొని వెళ్లినా కారు దొరికేది కాదు. పేరు నమోదు చేయించుకొని సంవత్సరాల తరబడి వేచి ఉండవలసి వచ్చేది. అందువలన ఆనాటి అమ్మకాల లెక్క జనం కోరికను తెలిపేది కాదు. కర్మాగారం శక్తిని మాత్రమే తెలిపేది. ఈ భేదాన్ని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను.

1981లో కేంద్రప్రభుత్వం మారుతి ఉద్యోగ్ సంస్థను నెలకొల్పింది. మరుసటి సంవత్సరం జపాను దేశపు సుజుకి సంస్థతో ఒప్పందం కుదిరింది. 1983 డిసెంబరు 14న నాటి ప్రధాని ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 కారు తాళపు చెవులను ఢిల్లీ పౌరుడొకనికి అందజేశారు. దాని వెల అప్పట్లో సుమారు యాభై వేల రూపాయలు. లక్షమందికి పైగా ముందే డబ్బు చెల్లించి పేర్లు నమోదు చేయించుకొన్నారు. ఉపాధ్యాయుడు, గుమాస్తా, చిన్న వ్యాపారి ‘మనమూ కొనవచ్చు’ అని అనుకొన్న తొలి కారు అది. 2014 జనవరిలో దాని తయారీ నిలిచిపోయింది. అదే సంవత్సరం మే నెలలో అంబాసిడర్ తయారీ కూడా ఆగిపోయింది. ఒకే ఏడాదిలో రెండు యుగాలు ముగిసినట్లయింది.

ఈ రెండు యుగాల నడుమ ఒక మలుపు ఉన్నది. దాని వెనుక ఉన్నవాడు తెలుగువాడు కావటం మనకు విశేషం. 1991 జులైలో ప్రధాని పి.వి.నరసింహారావు ప్రభుత్వం నూతన పారిశ్రామిక విధానాన్ని ప్రకటించింది. అప్పుడు పరిశ్రమల శాఖ కూడా ఆయన చేతిలోనే ఉండేది. 1993లో కార్ల తయారీకి లైసెన్సు అవసరం తొలగింది. ఆ తలుపు తెరచుకోవటంతో విదేశీ సంస్థలు వచ్చాయి. 1998లో తమిళనాడులోని శ్రీపెరుంబుదూరు నుండి హ్యుందయ్ సంస్థ శాంత్రో కారును, అదే సంవత్సరాంతంలో టాటా సంస్థ మన దేశంలో రూపొందిన ఇండికా కారును విడుదల చేశాయి. కొనుగోలుదారుడు వేచి ఉండే రోజులు పోయి, అమ్మేవాడు ఎదురుచూసే రోజులు వచ్చాయి. అప్పటి నుండే అమ్మకాల అంకె నిజంగా విపణి అంకె అయింది.

ఇప్పుడు ఇటీవలి అంకెలను చూద్దాము. ప్రయాణికుల వాహనాలు, అనగా కార్లు, జీపుల వంటి పెద్ద వాహనాలు, వ్యానులు కలిపి దేశంలో ఒక్కొక్క ఆర్థిక సంవత్సరంలో జరిగిన అమ్మకాలివి.

2018-19: 33.77 లక్షలు
2019-20: 27.74 లక్షలు
2020-21: 27.11 లక్షలు
2021-22: 30.70 లక్షలు
2022-23: 38.90 లక్షలు
2023-24: 42.19 లక్షలు
2024-25: 43.02 లక్షలు

ఈ పట్టికను ఒక్కచూపుతో చూచినవారికి లోయలో దిగి కొండనెక్కిన బాటసారి కనిపిస్తాడు. ఆ లోయకు కారణాలున్నాయి. 2018లో ఒక పెద్ద ఆర్థికసంస్థ చెల్లింపులు తప్పటంతో బ్యాంకేతర రుణసంస్థల చేతులు బిగుసుకుపోయాయి. అదే ఏడాది సెప్టెంబరు నుండి కొత్త కారుకు మూడేళ్ల తృతీయపక్ష బీమా ఒకేసారి చెల్లించటం తప్పనిసరి అయింది. 2020 ఏప్రిల్ 1 నుండి కాలుష్య నియంత్రణకు బి.ఎస్.6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. అంతలోనే కరోనా మహమ్మారి వచ్చింది. 2020 ఏప్రిల్ నెలలో దేశంలో కార్ల కంపెనీల అమ్మకం సున్న. వెనుకటి యుద్ధకాలాలలో కూడా చూడని సున్న అది. 2021లో జనం కొనదలచినప్పుడు సెమీకండక్టర్ చిప్పులు ప్రపంచమంతటా కరవై, కార్లు దొరకలేదు. ఆ తరువాత అమ్మకాలు వేగంగా కోలుకొన్నాయి. వాణిజ్య వాహనాలను కూడా కలిపి లెక్కించినప్పుడు 2022లో భారతదేశం జపానును దాటి, చైనా, అమెరికాల తరువాత ప్రపంచంలో మూడవ పెద్ద వాహన విపణి అయింది.

ఇది అంకె చెప్పే కథ. ఇక అంకె చెప్పని కథకు మూడు ప్రశ్నలు వేసుకొనవలెను. మొదటిది, ‘అమ్మకం’ అని దేనిని అంటున్నారు? రెండవది, ఏ రకం కారు అమ్ముడుపోతున్నది? మూడవది, ఎవరు కొనటం లేదు?

మొదటి ప్రశ్న చూడటానికి సులభం. కాని అందులోనే తిరకాసు ఉన్నది. పైన ఇచ్చిన అంకెలు తయారీదారుల సంఘమైన సియామ్ ప్రకటించేవి. కర్మాగారం నుండి కారు డీలరు వద్దకు చేరగానే అది వీరి లెక్కలో అమ్మకం అవుతుంది. ఆ కారును ఎవరూ కొనక, డీలరు ఆవరణలో ఎండకు ఎండి వానకు తడుస్తున్నా సరే, అది అమ్ముడుపోయినట్లే. డీలర్ల సమాఖ్య అయిన ఫాడా మరొక లెక్క చెబుతుంది. కారు రవాణా కార్యాలయంలో యజమాని పేరిట రిజిస్టరు అయినప్పుడే అది వీరికి అమ్మకం. మొదటిది గాదెకు చేరిన ధాన్యం లెక్క. రెండవది వండి వడ్డించిన అన్నం లెక్క. గాదె నిండుతూ విస్తరి ఖాళీగా ఉంటే కొంతకాలానికి వడ్లు కొనేవాడు ఆగిపోతాడు. అట్లే డీలర్ల వద్ద కార్లు పేరుకొనిపోతే కర్మాగారం చక్రం నెమ్మదిస్తుంది. అందుచేత రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చదవటం తెలివైనవారి పద్ధతి.

ఈ రెండవ లెక్కలో మనకు సంబంధించిన ఒక విచిత్రం ఉన్నది. ఫాడా తన అంకెలను కేంద్రప్రభుత్వపు ‘వాహన్’ అనే కంప్యూటరు వ్యవస్థ నుండి తీసుకొంటుంది. మొదట్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ లెక్కలో లేవు. తరువాత ఆంధ్రప్రదేశ్ చేరినా, తెలంగాణ చాలా సంవత్సరాలు దానికి వెలుపలే ఉండిపోయింది. అనగా ఆ కాలంలో మక్తల్‌లో ఒక రైతు కారు కొని, రిజిస్టరు చేయించి, గుడి ముందు నిమ్మకాయలు తొక్కించినా, ‘దేశవ్యాప్త రిటైలు అమ్మకాలు’ అనే అంకెలో ఆ కారు లేదు. మన జిల్లా బండి ఫలకం మీద ఒకప్పుడు ‘ఏపీ 22’ అని, రాష్ట్రం ఏర్పడిన తరువాత ‘టీఎస్ 06’ అని ఉండేది. 2024 మార్చి నుండి కొత్త బండ్లకు ‘టీజీ’ వచ్చింది. ఫలకం రెండుసార్లు మారినా ఆ జాతీయపు లెక్కలో మాత్రం మన బండికి చోటు దక్కలేదు. కాబట్టి ‘దేశం’ అన్న మాట వినబడినప్పుడు అందులో మనమున్నామా అని అడగటం అవివేకం కాదు.

రెండవ ప్రశ్న: ఏ రకం కారు? ఇక్కడే అసలు మార్పు కనిపిస్తుంది. 2018-19లో అమ్ముడుపోయిన 33.77 లక్షల వాహనాలలో మామూలు కార్లు 22.18 లక్షలు, ఎత్తుగా, విశాలంగా ఉండే యుటిలిటీ వాహనాలు 9.41 లక్షలు. 2024-25లో ఈ నిష్పత్తి తలకిందులయింది. 43.02 లక్షలలో మామూలు కార్లు 13.53 లక్షలకు తగ్గాయి. యుటిలిటీ వాహనాలు 27.97 లక్షలకు పెరిగాయి. మొత్తం అంకె తొమ్మిది లక్షలకు పైగా పెరిగిన మాట నిజం. కాని ఆ పెరుగుదల కింద మామూలు కార్లు ఎనిమిదిన్నర లక్షలకు పైగా తగ్గిన సంగతి దాగి ఉన్నది. 2024లో టాటా పంచ్ దేశంలో అత్యధికంగా అమ్ముడుపోయిన కారుగా నిలిచింది. మారుతి కారు కానిది ఆ స్థానానికి రావటం దాదాపు నలభై సంవత్సరాలలో అదే మొదటిసారి. అది కూడా చిన్నదే అయినా ఎత్తైన వాహనపు పోలిక గలది.

ఈ మార్పుకు మన తెలుగునేల మీదనే ఒక ప్రత్యక్ష సాక్ష్యం ఉన్నది. ఒకప్పుడు విజయనగర రాజులకు నెలవైన పెనుకొండ సమీపంలో, ఎర్రమంచి వద్ద, దక్షిణ కొరియాకు చెందిన కియా సంస్థ కర్మాగారాన్ని నిర్మించింది. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం జరిగింది. ఏడాదికి మూడు లక్షల వాహనాలు తయారుచేయగల శక్తి దానిది. అనంతపురం ప్రాంతం మన పాలమూరు వలెనే కరవుకు, వలసకు పేరుపడినది. ఆ నేల నుండి 2019 ఆగస్టులో సెల్టోస్ అనే యుటిలిటీ వాహనం వెలువడింది. దాని ప్రారంభ ధర పది లక్షలకు కొంచెం తక్కువ. పట్టికను మరల చూడండి. 2019-20లో దేశంలో మొత్తం అమ్మకాలు సుమారు పద్దెనిమిది శాతం పడిపోయాయి. ఆ పడిపోయిన సంవత్సరంలోనే ఈ ఖరీదైన వాహనం జోరుగా అమ్ముడుపోయింది. 2023 జులై నాటికి ఆ కర్మాగారం పది లక్షల వాహనాలను తయారుచేసింది. అక్కడ తయారయ్యేవాటిలో మారుతి 800 వంటి చిన్నకారు ఒక్కటీ లేదు. తెలుగునేలకు కార్ల పరిశ్రమ వచ్చింది. కాని అది చిన్నకారు కాలం దాటిన తరువాత వచ్చింది.

ఇక మూడవ ప్రశ్న: ఎవరు కొనటం లేదు? అయిదు లక్షల రూపాయలలోపు ధర గల కార్లు 2015-16లో తొమ్మిది లక్షలకు పైగా అమ్ముడుపోగా, 2024-25 నాటికి అవి పాతికవేల చిల్లరకు దిగజారాయి. మోటారు సైకిలు మీద నుండి మొదటిసారి కారులోకి మారే కుటుంబం కొనేది ఈ కార్లనే. నిచ్చెనకు మొదటిమెట్టు ఊడిపోయినట్లయింది. పైమెట్ల మీద ఉన్నవారు మరింత పైకి ఎక్కుతున్నారు. నేల మీద ఉన్నవాడు కాలు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడి ఉన్నాడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో కారు ఉన్న కుటుంబాలు నూటికి ఎనిమిదికి లోపే. ద్విచక్ర వాహనం ఉన్నవి సగం. ఈ రెండు సంఖ్యల నడుమ ఉన్న దూరమే మన మధ్యతరగతి దాటవలసిన దూరం.

మెట్టు ఊడటానికి కారణం ఏ ఒక్కరి దురాశో కాదు. గాలిసంచులు, పట్టుతప్పకుండా ఆగే బ్రేకులు, తక్కువ పొగ విడిచే ఇంజన్లు చట్టప్రకారం తప్పనిసరి అయ్యాయి. అవి ప్రాణాలు కాపాడేవి, వద్దనవలసినవి కావు. కాని వాటి ఖర్చు ఇరవై లక్షల కారులో కలిసిపోతుంది. నాలుగు లక్షల కారు మీద బరువవుతుంది. ధర ఒక్కటే కాదు, పరువు కూడా ఒక కారణమే. 2008 జనవరిలో టాటా సంస్థ లక్ష రూపాయల కారుగా నానోను ప్రదర్శించింది. వానలో ఒకే స్కూటరు మీద వెళ్లే కుటుంబాన్ని చూచి రతన్ టాటాకు ఆ ఆలోచన కలిగిందని ప్రతీతి. ఉద్దేశం గొప్పది. కాని ‘అన్నింటికంటే చవుకైన కారు’ అన్న పేరే దానికి చేటు తెచ్చింది. కారు కొనేవాడు ప్రయాణాన్ని మాత్రమే కొనడు. నలుగురిలో గౌరవాన్ని కూడా కొంటాడు. పేదరికానికి గుర్తుగా వాకిట నిలిచే వస్తువును ఎవరూ ఆశించరు. 2018లో నానో తయారీ ఆగిపోయింది.

ప్రభుత్వం ఈ పరిస్థితిని గుర్తించక పోలేదు. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్నకార్ల మీది వస్తుసేవల పన్నును 28 శాతం నుండి 18 శాతానికి తగ్గించింది. పెద్ద కార్లకు అదనపు సుంకాన్ని తొలగించి 40 శాతంగా నిర్ణయించింది. విద్యుత్తుతో నడిచే కార్లకు 5 శాతమే కొనసాగింది. ఆ దసరా దీపావళి రోజులలో అంగడి కళకళలాడింది. విద్యుత్ వాహనాలకు రహదారి పన్నును, రిజిస్ట్రేషన్ రుసుమును మినహాయిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఉత్తర్వులిచ్చింది. అయినా 2024-25లో అమ్ముడుపోయిన కార్లలో విద్యుత్ కార్లు నూటికి రెండు మూడు మాత్రమే. పన్ను తగ్గింపు మెట్టును తిరిగి బిగించగలదు. కాని ఎక్కేవాని కాళ్లకు బలమివ్వవలసినది ఆదాయమే.

ఆదాయం చాలనప్పుడు ఆ చోటును అప్పు ఆక్రమిస్తుంది. నేడు కొత్త కార్లలో అత్యధిక భాగం అప్పు మీదనే ఇంటికి వస్తున్నాయి. అప్పు తప్పు కాదు. ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి కుటుంబం ఫియట్ కారు కొనదలచినప్పుడు దాని వెల పన్నెండు వేల రూపాయలు. వారి వద్ద ఉన్నది ఏడువేలు. మిగిలిన అయిదువేలు బ్యాంకులో అప్పు తీసుకొన్నారు. 1966 జనవరిలో తాష్కెంటులో శాస్త్రి మరణించిన తరువాత ఆ బాకీని ఆయన భార్య లలితాశాస్త్రి తన పింఛనులో నుండి తీర్చారు. ప్రధాని ఇంటిలో కూడా కారు అప్పు మనిషికంటే ఎక్కువకాలం బ్రతికింది.

నా పూర్వవిద్యార్థి ఒకడు ఈ సత్యాన్ని మరింత కష్టంగా తెలుసుకొన్నాడు. అతని తల్లిదండ్రులు పాలమూరు వలసకూలీలుగా దూరపు నగరాలలో రాళ్లు మోసినవారు. తాను ఊరు విడవకుండా బతకాలని 2019 దసరాకు అప్పు మీద కారు కొని టాక్సీగా మక్తల్, హైదరాబాదు నడుమ నడిపాడు. ఆరు నెలలు బాగానే సాగింది. 2020 మార్చి చివర దేశం తలుపులు మూసుకొన్నది. కారు వేపచెట్టు నీడన నిలిచిపోయింది. కంతులు కట్టటానికి ఆరు నెలల గడువు దొరికింది. అయితే గడువు కంతులకే గాని వడ్డీకి కాదని అతనికి ఆలస్యంగా తెలిసింది. కురుక్షేత్రంలో కర్ణుని రథచక్రాన్ని భూమి పట్టుకొన్నది. ఇతని చక్రాన్ని వడ్డీ పట్టుకొన్నది. మరుసటి ఏడు కారును సగం ధరకు అమ్మి, మిగిలిన బాకీ కోసం తానూ వలస వెళ్లాడు. వెళ్లేముందు నన్ను చూడవచ్చి, “సార్, లెక్కలు మీ సబ్జెక్టు కాదు గానీ, ఆ కాగితం మీతో చదివించుకొని ఉంటే బాగుండేది” అన్నాడు. ఆ కాగితం తెలుగులో లేదు.

ఆ మాట నన్ను చాలాకాలం వెన్నాడింది. ఈ పాఠం అతని కోసం ఆలస్యంగా, మీ కోసం సకాలంలో రాస్తున్నది. 2019-20లో దేశంలో అమ్ముడుపోయిన 27.74 లక్షల వాహనాలలో అతని కారు ఒకటి. అది కొన్నప్పుడు అంకె అయింది. కోల్పోయినప్పుడు ఏ అంకెలోనూ చేరలేదు.

కాబట్టి ఒక చిన్న లెక్క నేర్చుకొనండి. ఆరు లక్షల రూపాయలు పది శాతం వడ్డీకి అయిదేళ్లకు తీసుకొంటే నెలకు కట్టవలసినది సుమారు 12,750 రూపాయలు. మొత్తం చెల్లింపు 7,65,000 రూపాయలు. అదే అప్పును ఏడేళ్లకు తీసుకొంటే నెలకంతు 9,960 రూపాయలకు తగ్గుతుంది. వినటానికి తీయగా ఉంటుంది. కాని మొత్తం చెల్లింపు 8,36,000 దాటుతుంది. కంతు తగ్గింది, భారం డెబ్బై వేలకు పైగా పెరిగింది. అమ్మేవాడు కంతును చెబుతాడు. కొనేవాడు మొత్తాన్ని అడగాలి. ఇంధనం, బీమా, టైర్లు, మరమ్మతులు దీనికి అదనం. ఇంటి ఆదాయవ్యయాలను కాగితం మీద రాసుకొన్న తరువాతనే సంతకానికి కలం తీయాలి.

కారు వద్దని ఈ పాఠం చెప్పటం లేదు. అర్ధరాత్రి పురిటినొప్పులు వచ్చిన కోడలిని ఆసుపత్రికి చేర్చటానికి ఊరిలో ఒక కారుండటం ఎంతటి ధైర్యమో పల్లెలో పుట్టినవారికి తెలుసు. విపణి పెరగటం మంచిదే. పెనుకొండ దగ్గర యువకులకు దొరికిన ఉద్యోగం మంచిదే. కాని ‘దేశంలో కార్ల అమ్మకాలు పెరిగాయి’ అన్న వాక్యాన్ని చదివినప్పుడు, ఏ లెక్క ప్రకారం, ఏ కార్లు, ఎవరికి అని అడిగే విద్యార్థి వార్తను చదివినవాడు. అడగనివాడు దానిని చూచినవాడు మాత్రమే.

రేపు మీలో ఒకరు కొత్త కారును పడమటి ఆంజనేయస్వామి ముంగిటికి తెస్తారు. కొబ్బరికాయ కొట్టే ముందు అప్పుకాగితం ఆఖరి పంక్తి వరకు చదివి ఉంటే, చక్రం కింద నలిగేది నిమ్మకాయ ఒక్కటే అవుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

విపణి = అంగడి, కొనుగోలు అమ్మకాలు జరిగే చోటు
స్యందనం = రథం
శకటం = బండి
ప్రాసాదం = రాజభవనం
నెలవు = నివాసం, స్థానం
గాదె = ధాన్యం నిలువ చేసే చోటు
నిష్పత్తి = రెండు సంఖ్యల మధ్య సంబంధం
కంతు = విడతగా చెల్లించే సొమ్ము
ప్రతీతి = ప్రసిద్ధమైన మాట, నానుడి

అభ్యాసం

అ) వ్యాసరూప ప్రశ్నలు
1. కార్ల అమ్మకాల అంకెను అర్థం చేసుకొనటానికి రచయిత సూచించిన మూడు ప్రశ్నలను వివరించండి.
2. రాజవైభవ చిహ్నంగా ఉన్న కారు సామాన్యుని ఆశగా మారిన క్రమాన్ని తెలపండి.

ఆ) సంగ్రహరూప ప్రశ్నలు
1. సియామ్, ఫాడా లెక్కల మధ్య భేదమేమి?
2. నానో కారు ఎందుకు ఆదరణ పొందలేదు?
3. పెనుకొండ కర్మాగారాన్ని రచయిత ఏ మార్పుకు సాక్ష్యంగా చూపాడు?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. ఆ కాగితం తెలుగులో లేదు.
2. అమ్మేవాడు కంతును చెబుతాడు. కొనేవాడు మొత్తాన్ని అడగాలి.

ఈ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. మహబూబ్‌నగర్‌కు ఆ పేరు ఎవరి మీదుగా వచ్చింది?
2. కార్ల తయారీకి లైసెన్సు అవసరం ఏ సంవత్సరంలో తొలగింది?
3. దేశంలో కంపెనీల కార్ల అమ్మకం సున్న అయిన నెల ఏది?

ఉ) సంధులు
మరణానంతరం = మరణ + అనంతరం – సవర్ణదీర్ఘ సంధి
అత్యధికం = అతి + అధికం – యణాదేశ సంధి
రాజాజ్ఞ = రాజ + ఆజ్ఞ – సవర్ణదీర్ఘ సంధి

ఊ) సమాసాలు
ఆదాయవ్యయాలు = ఆదాయమును, వ్యయమును – ద్వంద్వ సమాసం
రథచక్రం = రథము యొక్క చక్రం – షష్ఠీ తత్పురుష సమాసం
చిన్నకారు = చిన్నదైన కారు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

భాషాకృత్యం: మీ ఊరిలో ఇటీవల వాహనం కొన్న ఒక కుటుంబంతో మాట్లాడి, వారు ఆ వాహనాన్ని ఎంచుకొన్న కారణాలను, దానివలన కలిగిన లాభనష్టాలను ఒక పుటకు మించకుండా మీ సొంతమాటలలో రాయండి.